తొంభై ఐదున్నర పరుపుల పార్కు

హైదరాబాద్, హాస్టల్ గది 14
20 ఫిబ్రవరి 1997

చిన్నాయనకు,

దిల్షాద్ సలాములు. అవ్వకూ, గులాబ్‌బీ చిన్నమ్మకూ కూడా. ఈ ఉత్తరం అవ్వకు చదివి వినిపించేటప్పుడు కష్టమైన మాటల దగ్గర ఆగి అర్థం చెప్పు. నీకూ తెలియకపోతే దాటెయ్యి, చాలా అందంగా ఉన్నాయని మాత్రం చెప్పు.

మా కాలేజీలో ‘మా వాడకు ఒక పార్కు’ అని పోటీ పెట్టారు. ఒక పటం గీయాలి, దానికి రెండు పేజీల వ్యాసం జోడించాలి. మొదటి బహుమతి నాకే వచ్చింది. ఎండలు ఏటేటా ముదురుతున్నాయి, వానలు రాక రాక వచ్చి ఒక్క రోజే కుమ్మరించి పోతున్నాయి, కాబట్టి ప్రతి వాడకూ ఎండలో నీడనిచ్చేది, వాన నీటిని దాచుకొనేది, పదిమందినీ ఒక దగ్గర కూర్చోబెట్టేది ఒక చోటు ఉండాలని రాశాను. వ్యాసాన్ని ‘గ్రీష్మతాపోపశమనార్థం’ అనే మాటతో మొదలుపెట్టాను. ఆ మాట రాసిన తర్వాత అరగంట సేపు ఇంకేమీ రాయలేకపోయాను. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పటంలో గీసింది మన దూదిగడ్డ వాడలోని బయలునే. చుట్టూ ఇనుప కంచె, లోపల మఖమల్ లాంటి పచ్చిక, నాలుగు వైపులా సిమెంటు బెంచీలు. గల్లీ పక్కనున్న గుంత చూడటానికి బాగుండదని పూడ్చి చదును చేశాను. మూడు కానుగ చెట్లున్న దగ్గర మొదట ‘ఖాళీ స్థలం’ అని రాశాను. మా మేడం చూసి, “ఖాళీగా ఎందుకమ్మా, ఏదైనా పెట్టు” అన్నారు. ఆ మాట పక్కనే జలయంత్రం గీశాను. జలయంత్రం అంటే ఫౌంటెన్.

మేడం ఎంత సంతోషించారంటే, పటాన్నీ వ్యాసాన్నీ మన మున్సిపల్ చైర్మన్ గారికి స్వయంగా పంపారు. నకలు ఒకటి నీకు పంపుతున్నాను. కొత్తకోట పోయినప్పుడు నాయినకు చూపించు. లారీ డ్రైవర్లకు పరుపులు అమ్మే హడావుడిలో ఆయన సరిగ్గా చూడడు, బేరం లేని వేళ చూసి చూపించు.

ఈ వారం నేర్చుకున్న మాటలు పదకొండు.

నీ
దిల్షాద్


దూదిగడ్డ
1 మార్చి 1997

బిడ్డ దిల్షాద్‌కు చిన్నాయన యాకూబ్ దీవించి రాసేది. అందరం మంచిగున్నం. అవ్వకు మోకాళ్ళ నొప్పి. గది తప్ప ఆమెకు ఏ రోగం లేదు, నోరు మంచిగ నడుస్తాంది.

దూది ఏకుడు ఆపి, విల్లు పక్కకు వెట్టి, కానుగ చెట్ల కిందనె నీ ఉత్తరం చదివిన. పరుపు బట్ట కుడుతున్న మీ చిన్నమ్మ, మేకలను మేపుతున్న గోపమ్మ, పచ్చీసు ఆడే దర్జీ అహ్మద్ అలీ తాత, అందరు విన్నరు. నువ్వు జెప్పినట్టె గ్రీష్మం కాడ ఆగిన.

“గదేం రోగంరా?” అన్నది అవ్వ.

“రోగం గాదమ్మా, ఎండకాలం” అన్న.

“ఎండకాలమని రాస్తె బహుమతి ఇయ్యరా?”

పటం అందరం చూసినం. గోపమ్మ అడుగుమన్నది, రాస్తున్న: “నల్లా నాలుగు రోజులకు ఒకపారి వస్తాంది. గా ఫౌంటెన్‌కు నీళ్ళెవరు మోస్తరు? పట్నం నుంచి దిల్షాద్ వచ్చి మోస్తదా?”

నాకు రెండు సందేహాలు. వాన నీళ్ళు దాచుకోవాలె అని రాసినవు, నీళ్ళు దాచుకునే గుంతను పూడ్చినవు. గల్లీల నీళ్ళన్ని గా గుంతలకే వస్తయి. గది లేకుంటె గోపమ్మ ఇంట్లకు వస్తయి, అందరికన్న పల్లంల ఉన్నది ఆమె ఇల్లే. నేను ఏడో తరగతి చదివినోన్ని, నాకు అర్థంగాలె.

రెండోది. పటంల నేను యాడున్న? కానుగ చెట్ల కింద వెతికిన. ఖాళీ స్థలమని ఉన్నది. మీ తాత గా నీడలనె దూది ఏకిండు, నేను గా నీడలనె ఏకుతున్న. నిన్ను ఇస్కూలుకని మా కాడ ఉంచినప్పుడు నువ్వు గా దూది కుప్పల మీదనె పండుకునేదానివి. మనుషులున్న జాగా ఖాళీ ఎట్లయితది బిడ్డా?

ఫికర్ లేదు, పటమే గద. పటంల పూడిస్తె గుంత పూడది.

బహుమతి వచ్చినందుకు మీ చిన్నమ్మ చక్కెర పంచింది.

యాకూబ్


హైదరాబాద్
8 మార్చి 1997

చిన్నాయనా,

పోస్టుకార్డులో కోపం ఎక్కువ పట్టదు కాబట్టి కొంచెమే రాస్తున్నాను. కళలో ప్రతిదీ ఉన్నదున్నట్టు గీయరు. దూది, మేకలు, పచ్చీసు ఆడే ముసలివాళ్ళు పటంలో ఉంటే బహుమతి వచ్చేది కాదు. మీరంతా కలిసి నా ఉత్తరాన్ని గుంత దాకా తీసుకుపోయారు.

అయినా ఇదంతా ఎవరు కడతారు? మన గల్లీ స్తంభం మీద బల్బు పోయి ఏడాది దాటింది, మున్సిపాలిటీ వాళ్ళు అదే మార్చలేదు. పార్కు కడతారా? నిశ్చింతగా ఉండు. నిశ్చింత అంటే ఫికర్ లేకపోవడం.

దిల్షాద్


దూదిగడ్డ
24 మార్చి 1997

దిల్షాద్‌కు చిన్నాయన దీవెనలు.

బల్బు గురించి నువ్వు రాసింది నిజమే, ఇంక మార్చలె. పార్కు మాత్రం మొదలువెట్టిన్రు.

పోయిన సోమారం చైర్మన్ సారు, ఇంజినీరు సారు, మున్సిపాలిటీ క్లర్కు ఐలేశం జీపుల దిగిన్రు. చైర్మన్ చేతుల నీ పటం. “యాకూబ్ అంటె ఎవరు?” అని అడిగి నా మెడల పూలదండ వేసిండు. “మీ బిడ్డ గీసిన పటమే. అక్షరం పొల్లువోకుంట కడతం” అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ కొట్టిన. ఎందుకు కొట్టిన్నో తెల్వదు.

మర్నాడు ట్రాక్టర్లు వచ్చి గుంతల మొరం పోసినయి. మూడో రోజు కంచె. నాలుగో రోజు ఇంజినీరు సారు వచ్చి, “గీ విల్లు, గీ దూది తియ్యాలె. పటంల గిది ఖాళీ స్థలం” అన్నడు. నీ పటం నాకే చూపిచ్చిండు. నీ చేతిరాత నేను గుర్తువట్టనా. ముత్యాల్లెక్క ఉన్నది.

ఫౌంటెన్ సరిగ్గ కానుగ చెట్లున్న కాడనె వస్తదట. పీర్ల పండుగ అయినంక మూడు చెట్లు కొడతరని ఐలేశం చెప్పిండు. అప్పుడె ఎందుకు అడగలేదని మీ చిన్నమ్మ నన్ను తిడతాంది. మెడల దండ ఉన్నప్పుడు నోరు లేవదు బిడ్డా.

ఇప్పుడు ఇంటి ముంగట గల్లీల ఏకుతున్న. నీడ లేదు. ఎండకు విల్లు నారి పెళుసువారి తెగుతాంది. గాలి వచ్చిందంటె దూది గల్లీ అంత పోతాంది. గోపమ్మ నిన్న గిన్నె తెచ్చి నా ముంగట వెట్టింది, “పప్పు వండిన్నా, పరుపు వండిన్నా, నువ్వె చెప్పు యాకూబన్నా” అన్నది.

చెట్లు ఉంటె పొద్దు వాలినంక కంచె బయట పడే నీడలనన్న ఏకుత. చెట్లు పోతె పని వోయినట్టె. కొత్తకోటల మీ నాయిన దుకాణంల లారీలకు పరుపులు మోసుకుంట బతకాలె. అవ్వ గీ చెట్లు ఇడిసి రానంటాంది.

నువ్వు మనసుల వెట్టుకోకు. చదువుకో.

యాకూబ్


హైదరాబాద్
30 మార్చి 1997

చిన్నాయనా,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేకపోయాను. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు, ‘ముత్యాల్లెక్క ఉన్నది’ అన్నావు. తిట్టినా బాగుండేది.

నేను చేసింది నేనే సరిచేస్తాను. మూడు రోజులు నిఘంటువు పక్కన పెట్టుకొని చైర్మన్ గారికి విజ్ఞాపన రాశాను. నువ్వు చదివి ధైర్యం తెచ్చుకోవాలని కొంత ఇక్కడ దింపుతున్నాను:

‘వృక్షచ్ఛాయ ప్రజల జన్మహక్కు. శాఖోపశాఖలుగా విస్తరించిన ఆ హరితచ్ఛత్రముల క్రింద శ్రమజీవుల స్వేదబిందువులు ముత్యములై మెరయుచుండ, కఠిన కుఠారధారకు వానిని బలి ఒసగుట ఏ పురపాలనా ధర్మము?’

కుఠారం అంటే గొడ్డలి. మా గదిలో ఖమర్ అనే అమ్మాయి ఉంది, ఇది విని కళ్ళు తుడుచుకుంది. చైర్మన్ గారి మనసు కరగకుండా ఉంటుందా?

అవ్వతో చెప్పు, చెట్లు ఉంటాయని.

దిల్షాద్


దూదిగడ్డ
12 ఏప్రిల్ 1997

బిడ్డా,

చైర్మన్ సారు మనసు కరిగింది. శానా కరిగింది. నీ ఉత్తరం మీటింగుల చదివిపిచ్చిండట. కౌన్సిలర్లందరు బల్లలు చరిచిన్రట. ఉగాదినాడు ఆయనె వచ్చి, పెద్ద రేకు బోర్డు మీద ఎర్ర అక్షరాలతోని ‘వృక్షచ్ఛాయ ప్రజల జన్మహక్కు’ అని రాపిచ్చి, నడిమి కానుగ చెట్టుకు మేకులు కొట్టిపిచ్చిండు. మేకు దిగుతాంటె అవ్వ తన మోకాలు వట్టుకున్నది.

“అయితె చెట్లు కొట్టరు గద సారూ?” అని నేను ఐలేశంను అడిగిన.

“కొట్టకుంటె ఫౌంటెన్ యాడ పెడతం?”

“మరి గీ బోర్డు?”

“ఫౌంటెన్‌కు తగిలిస్తం. బోర్డు పాడుగానియ్యం, నువ్వు ఫికర్ చెయ్యకు.”

గోపమ్మ అన్నది, “గొడ్డలి వట్టేటోడు జర చదువుకున్నోడైతె మంచిగుండు. బోర్డు చదువుకుంట కొడతడు.”

ఇంజినీరు సారును గూడ కలిసిన. మంచోడె, చెడ్డోడు గాదు. గని ఆయనకు మాటలు ఎక్కవు. పొడుగెంత, ఎడల్పెంత, లోతెంత, గింతే. నీ ఉత్తరంల స్వేదబిందువులున్నయి గని అవి ఎన్ని అడుగులో లేదు. పటంల ఏది ఎంతున్నదని రాస్తె గంత చేస్తడు, ఖాళీ అని రాస్తె ఖాళీ చేస్తడు.

అందుకని ఒక్క మాట. ఈసారి రాస్తె జర మాటలు తగ్గించు. నువ్వు ఎంత మంచిగ రాస్తె మాకు గంత మోపైతాంది.

యాకూబ్


హైదరాబాద్
18 ఏప్రిల్ 1997

చిన్నాయనా,

బక్రీదు సలాములు. రేపటి నుంచి పరీక్షలు, అందుకే రాలేదు. సెలవుల్లోనూ ఇక్కడే ఉండి టైపు నేర్చుకుంటాను. నిజం చెప్పాలంటే, బోర్డును చూడటానికి మొహం చెల్లడం లేదు.

నిన్న నోటు పుస్తకం తీసి మన కానుగ చెట్ల గురించి నాకు తెలిసింది రాద్దామని కూర్చున్నాను. నాలుగు వాక్యాలయ్యాక ఆగిపోయాను. మధ్యాహ్నం నీడ ఎంత దూరం పరుచుకుంటుందో తెలియదు. గుంతలో నీళ్ళు ఎంత లోతు నిలిచేవో తెలియదు. అవ్వ ఏ చెట్టుకు ఆనుకుంటుందో కూడా తెలియలేదు. పదమూడేళ్ళు ఆ నీడలో పెరిగి పట్నం వచ్చాను. నీడకు పదిహేడు పర్యాయపదాలు చెప్పగలను.

నువ్వన్నట్టే చేద్దాం. పీర్ల పండుగకు నెల రోజులు లేదు. నువ్వు కొలిచి పంపు. నీడ ఎంత, గుంత ఎంత, ఎవరెవరు ఎంత చోట్లో కూర్చుంటారు, అన్నీ. నేను కొత్త పటం గీస్తాను. దాంట్లో ఖాళీ అనే మాట ఉండదు.

దిల్షాద్


దూదిగడ్డ
27 ఏప్రిల్ 1997

దిల్షాద్‌కు దీవెనలు. కొలిచిన.

టేపు ఇయ్యమని ఐలేశంను అడిగితె, “ఆఫీసు టేపు ఆఫీసు పనికే” అన్నడు. మన ఇంట్ల ఉన్న కొలత ఒక్కటె, పరుపు. ఒంటి పరుపు, మూడడుగుల ఎడల్పు, ఆరడుగుల పొడుగు. రెండు పరుపులు మోసుకొని కంచె సందుల నుంచి దూరినం. ఒకటి పరిచి, దాని పక్కన ఇంకొకటి పరిచి, మొదటిది లేపి ముందరేసి, గట్ల కొలిచినం. ఒక దిక్కు నేను, ఇంకో దిక్కు గోపమ్మ. “నా పెండ్లికి గూడ ఇన్ని పరుపులు చూడలె” అనుకుంట మోసింది.

ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు నీడ: యాభై రెండు పరుపులు.

గుంత: ముప్పై ఆరు పరుపులు. పూడ్చిన్రు గద, ఎట్ల కొలిచినవ్ అంటవేమో. కొత్త మొరం ఎర్రగున్నది, పాత మన్ను నల్లగున్నది. ఎర్రదాని మీద పరిచిన. లోతు మోకాలంత. ఎవరి మోకాలని గోపమ్మ అడిగింది. నాదే రాసుకో.

మేకలు పండుకునే కాడ నాలుగు. పచ్చీసు కాడ మూడు. ఇవన్ని నీడలనె ఉన్నయి, గని అడిగినవు గనక ఇడిగ రాసిన.

అవ్వ కూసునేది నడిమి చెట్టు మొదట్ల, బోర్డు కింద. ఆమెకు సగం పరుపు చాలు. గది చెప్తె ఆమెకు కోపమొచ్చింది.

“డెబ్బై ఏండ్లు బతికిన, సగం పరుపు మనిషినా?”

“కూసునే జాగా అమ్మా.”

“నేను కాళ్ళు చాపనా?”

మళ్ళ కొలిచిన. కాళ్ళు చాపినా సగమే.

యాకూబ్


హైదరాబాద్
4 మే 1997

చిన్నాయనా,

కొత్త పటం ఈరోజే మున్సిపాలిటీకి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒక్క విశేషణం కూడా వాడలేదు. వాడాలనిపించినప్పుడల్లా లేచి మంచినీళ్ళు తాగాను. పటం మీద ఉన్నదంతా ఇదే:

కానుగ చెట్ల కింద: 52 పరుపులు.
గల్లీ పక్క గుంత, మోకాలు లోతు: 36 పరుపులు.
మేకల దగ్గర: 4 పరుపులు.
పచ్చీసు దగ్గర: 3 పరుపులు.
అవ్వకు: ½ పరుపు.

అడుగున ఇంకో వాక్యం కూడా రాశాను, ‘పరుపు అనగా ఇక్కడ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల కొలత’ అని. మళ్ళీ చదువుకుంటే అతిగా వివరించినట్టు అనిపించింది. మాటలు తగ్గించమన్నావు కదా, కొట్టేశాను. ఇంజినీరు గారికి కొలతల సంగతి మనం చెప్పాలా?

ఇంత తక్కువ మాటలతో నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. కొంచెం గర్వంగా ఉంది.

దిల్షాద్


దూదిగడ్డ
26 మే 1997

బిడ్డా,

కూసోని చదువు. మున్సిపాలిటీ నుంచి నాకు ఆర్డరు వచ్చింది. పార్కుకు తొంభై ఐదున్నర పరుపులు కుట్టియ్యాలెనట.

ఇంజినీరు సారు నీ పటం చూసి, అంకెలున్నయని సంబరపడి, అన్ని కూడి మీటింగుల వెట్టిండట. ఐలేశం చెప్తుంటె నేను దూదిల మొకం దాచుకొని నవ్విన. ఒక కౌన్సిలర్ లేచి, “పార్కుల పరుపులేంది?” అన్నడట. చైర్మన్ సారు, “మొదటి బహుమతి వచ్చిన పిల్ల రాసింది. పట్నంల పార్కులు గిట్లనె ఉంటయేమో. నువ్వు చూసినవా?” అన్నడట. ఆయన చూడలె. చైర్మన్ గూడ చూడలె. తెల్వదని ఎవరు ఒప్పుకుంటరు, అందరు చేతులు లేపిన్రు.

“గుంతల పరుపులెందుకు?” అని ఇంకొకాయన అడిగితె, “పోరగాండ్లు దుంకడానికి” అన్నడట ఇంజినీరు సారు. పొద్దుటి నుంచి పగటి భోజనాల దాక అందరు కొట్లాడింది మాత్రం అవ్వ సగం పరుపు గురించి. సగం పరుపు ఏ రూలుల ఉన్నదని ఒక్కలు, ముసలామెకు నిండ ఇయ్యమని ఒక్కలు, మా వార్డుల అవ్వలు లేరా అని ఒక్కలు. ఆఖరుకు సగమే పాసైంది.

ఊర్ల పరుపులు కుట్టేది నేనొక్కన్నె. మొన్న ఇంజినీరు సారు నా గల్లీలకు వచ్చి, “ఎప్పుడు మొదలువెడతవు?” అన్నడు. నేను చెప్పిన, “సారూ, గిన్ని పరుపుల దూది ఎండల ఏకితె నారి ఆగది, గాలికి దూది ఆగది. యాభై రెండు పరుపులంత నీడ గావాలె.” ఆయన పటం తీసి చూసిండు. “కరెక్టే, యాభై రెండు అని ఉన్నది” అని అక్కడికక్కడనె రాసిచ్చిండు: ‘పని ముగియు వరకు చెట్లను ముట్టరాదు. కంచె తలుపు తీసి ఉంచవలెను.’

గుంత గూడ మళ్ళ తవ్వుతున్నరు. గుంత లేకుంటె దాంట్ల పరుపులు ఎట్ల వేస్తరు? లోతుకు నా మోకాలు వచ్చి కొలుసుకొని పోయిన్రు. ఫౌంటెన్ సామాను గోడ పక్కన పడున్నది.

పీర్లు పోయినయి, చెట్లున్నయి. అవ్వ మళ్ళ బోర్డు కింద కూసున్నది.

ఇదంత అయినంక నీకు ఒక్కటె చెప్తున్న. మున్సిపాలిటీకి ఇప్పుడు నువ్వు ఒక్క ముక్క గూడ రాయకు.

యాకూబ్


హైదరాబాద్
1 జూన్ 1997

చిన్నాయనా,

ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. నీ ఉత్తరం రెండు కాగితాలు. మొదటి కాగితం చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. కొలతకూ వస్తువుకూ తేడా లేకుండా రాసిన మనిషిగా ఊరంతా నన్ను తలుచుకుంటుందని భయం వేసింది. లేచి, ‘అవి పరుపులు కావు, పరుపులంత స్థలం మాత్రమే’ అని సవరణ రాసి, పోస్టాఫీసుకు పోయి రిజిస్టర్ చేయించి వచ్చాను. తర్వాత రెండో కాగితం చదివాను. చిట్టచివరి వాక్యం చదివాను.

మళ్ళీ పోస్టాఫీసుకు పరుగెత్తాను. టపా సంచి వెళ్ళిపోయింది. ఉత్తరం వెనక్కి ఇప్పించమని అడిగితే అక్కడి ఆయన, “ఏం తప్పు రాసినవమ్మా?” అన్నాడు. “తప్పు రాయలేదండీ, నిజం రాశాను” అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

అది చేరితే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే చెట్లు పోతాయి. మొదటిసారి అందం కోసం నిన్ను పోగొట్టాను, రెండోసారి పేరు కోసం. ఐలేశం గారిని అడిగి ఆ కవరు తీసేయించడానికి వీలుంటే చూడు. వీలు లేకపోతే నాకు వెంటనే రాయి. చెట్లు కొట్టే రోజున నేను అక్కడ ఉండాలి.

ఈ వారం కొత్త మాటలు ఏమీ నేర్చుకోలేదు.

దిల్షాద్


దూదిగడ్డ
18 జులై 1997

బిడ్డ దిల్షాద్‌కు చిన్నాయన దీవించి రాసేది.

జవాబు ఆలస్యమైంది. ఏం జరుగుతదో నాకె తెల్వకుండె, ఏమని రాయాలె? ఇయ్యాల ఐలేశం చెప్తె తెల్సింది.

నీ కవరు జూన్ మొదటి వారమె చేరింది. ఐలేశం చదివి చైర్మన్ సారుకు ఇచ్చిండు. సారు రెండుసార్లు చదివి తలుపు దగ్గరికేసిండట. “పరుపులని తీర్మానం చేసినం, సగం పరుపుకు సగం రోజు కొట్లాడినం. ఇప్పుడు పరుపులు గావంటె మన మొకాలు యాడ వెట్టుకోవాలె? గీ కాగితం పారెయ్యి” అన్నడట.

“ఇన్‌వార్డు నంబరు వేసిన సారూ. పారేసేటట్టు లేదు” అన్నడు ఐలేశం.

శానా సేపు ఆలోచన చేసి కాగితం మీద రాసిన్రు: ‘పని పూర్తి అయిన పిమ్మట పరిశీలించవలెను.’

ఇప్పుడు జర మనసువెట్టి చదువు. పరుపుల దూది మున్సిపాలిటీ ఇయ్యాలె. దూది ఇస్తె నేను కుడుత. కుడితె పని అయితది. పని అయితె నీ కాగితం చదవాలె. చదివితె వాళ్ళ మొకాలు పోతయి. అందుకని దూది రాదు. రాదని చెప్పరు, వస్తదని చెప్తరు. ఇంజినీరు సారు నెలకొకపారి వచ్చి, చెట్లను లెక్కవెట్టి, ‘పని జరుగుచున్నది’ అని రాసి పోతున్నడు. బోర్డు కింద గూడ గదే మాట రాపిచ్చిన్రు. నేను మాత్రం ఊరోళ్ళ పరుపులు గా నీడలనె ఏకుతున్న, కుడుతున్న. తలుపు తీసే ఉంటది, పని జరుగుచున్నది గద.

పోయిన సోమారం పెద్దవాన వడ్డది. నువ్వు రాసినట్టె, ఒక్కనాడె కుమ్మరిచ్చింది. గల్లీ నీళ్ళన్ని గుంతలకు దుంకినయి. ముప్పై ఆరు పరుపుల జాగాల, నా మోకాలు దాక నిలవడ్డయి. గోపమ్మ గడప మీద కూసోని చూసింది, చుక్క నీరు లోపటికి రాలె. “దిల్షాద్‌కు గ్రీష్మం మీద గాదు, గుంత మీద ఇయ్యాలె బహుమతి” అన్నది. రెండు రోజులకు ఆమె బాయిల నీళ్ళు ఊరినయి. ఫౌంటెన్ పైపుల మీద గోపమ్మ మేకపిల్లలు ఎక్కి ఆడుతున్నయి.

నువ్వు నిజం రాసినందుకు సిగ్గువడకు. నువ్వు రాసిన నిజం ఫైలుల భద్రంగున్నది. గీ పని ఎన్నడు కాకుంట కాపాడుతాంది గదే.

తొంభై ఐదున్నరల ఒక్కటి మాత్రం కుట్టిన. అవ్వ సగం పరుపు. నా సొంత దూదితోని. ఇంజినీరు సారు టేపు వెట్టి కొలిచి, ‘½ పూర్తి’ అని రాసుకున్నడు. అవ్వ దాని మీద కూసోని కాళ్ళు చాపి చూసుకున్నది. మడిమలు నేల మీదికి వచ్చినయి. గది నాకు చూపిచ్చి, “సగం చాలంటివి గదరా” అన్నది. తప్పు నాదె, ఎండకాలం కొలిచినప్పుడు ఆమె మోకాళ్ళు సరిగ్గ చాపలె. ఇంకో జానెడు కలుపుత అన్న. “వద్దు, మిగిలినయి గూడ కుట్టకు. నేనున్నన్ని రోజులు పని జరగనియ్యి” అన్నది.

టైపు పరీక్ష అయినంక రా. రెండు పటాలు గీసినవు గని, రెండిట్లల్ల నువ్వు లేవు. అందుకని నడిమి చెట్టు మొదట్ల, అవ్వ పక్కపొంటి, ఒక్క పరుపంత జాగా కొలిచి పెట్టిన. మున్సిపాలిటీకి చెప్పలె. పచ్చీసు ఆడేటోళ్ళు జరిగి జరిగి అక్కడ కూసోవోతె, అవ్వ కట్టె లేపుతాంది.

“గది ఖాళీ గాదు” అంటాంది.

చిన్నాయన
యాకూబ్